పాత ల్యాప్‌టాప్‌ను ఇంట్లోనే విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించడం ఎలా?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాఠకులు, ముఖ్యంగా అన్నయ్యో అక్కయ్యో వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్‌తో చదువు సాగిస్తున్న విద్యార్థులు, తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటే. ఎనిమిది పదేళ్ల కిందటి యంత్రం వేడెక్కి దానంతట అదే ఆగిపోతోంది, లేదా తెరుచుకోవడానికే చాలాసేపు తీసుకుంటోంది. దుకాణానికి ఇవ్వకుండా ఇంట్లోనే విప్పి చూసుకోవచ్చా అని. నిస్సందేహంగా విప్పుకోవచ్చు. ఈ వయసు యంత్రాలకు అవసరమయ్యే పనుల్లో ఎక్కువ భాగం, అంటే ఫ్యానులో పేరుకున్న దుమ్ము తీయడం, ప్రాసెసర్ వేడిని బయటికి పంపేందుకు దాని మీద పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోతే మార్చడం, ర్యామ్ పెంచడం, హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) పెట్టడం వంటివి, టంకం పని లేకుండానే పూర్తవుతాయి.

అయితే ఇంట్లో పాడయ్యే ల్యాప్‌టాప్‌లు చాలావరకు మరమ్మతు చేసేటప్పుడు కాక, విప్పేటప్పుడూ బిగించేటప్పుడూ పాడవుతాయి. మూత క్లిప్పులు విరగడం, రిబ్బన్ కేబుల్ తెగడం, పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడవు స్క్రూ దిగి మదర్‌బోర్డును గుచ్చడం, ఇవే అసలు నష్టాలు. అందువల్ల ఈ వ్యాసంలో విప్పే పద్ధతికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. మొదటి నుంచి చివరి దాకా ఒక్క నియమం పాటించండి: ఏ భాగమైనా బలం పెడితే తప్ప రావడం లేదంటే, ఎక్కడో ఒక స్క్రూ గానీ కేబుల్ గానీ ఇంకా పట్టుకుని ఉందని అర్థం. చేయి ఆపి, దాన్ని వెతకండి.

ఎప్పుడు విప్పకూడదు?

టచ్‌ప్యాడ్ పైకి ఉబికి ఉన్నా, బల్ల మీద పెడితే యంత్రం సమంగా కూర్చోకుండా ఊగుతున్నా, లోపలి బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. అటువంటి యంత్రాన్ని చార్జింగులో పెట్టకండి. బ్యాటరీ బయటి నుంచి లాగితే వచ్చే రకమైతే నెమ్మదిగా తీసి, మండే వస్తువులకు దూరంగా, నీడలో ఉంచండి. అది లోపల జిగురుతో అతికించిన రకమైతే మీరు ముట్టుకోవద్దు, అనుభవమున్న మెకానిక్‌కు అప్పగించండి. లిథియం బ్యాటరీకి చిన్న గాటు పడినా, అది వంగినా నిప్పు పుట్టే ప్రమాదముంది. తీసిన బ్యాటరీని మునిసిపాలిటీ చెత్త బండిలో వేయకూడదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులపై ఉంది కాబట్టి, వారి సేవా కేంద్రంలో గానీ, ఈ-వ్యర్థాలు సేకరించే వారికి గానీ ఇవ్వండి.

చార్జర్ డబ్బాను ఏ పరిస్థితిలోనూ తెరవకండి. ప్లగ్ తీసిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్లలో షాక్ కొట్టేంత విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చు. ఇంచుమించు 2010కి ముందు తయారైన ల్యాప్‌టాప్‌లలో చాలావాటి తెర వెనుక సన్నని ట్యూబ్ దీపం ఉంటుంది. దానికి వందల వోల్టులు సరఫరా చేసే ఇన్వర్టర్, దీపంలో కొద్దిగా పాదరసం కూడా ఉంటాయి. కాబట్టి అంత పాత యంత్రమైతే కింది భాగం మాత్రమే విప్పి, తెర జోలికి వెళ్లకుండా ఉండటం మేలు.

కావలసినవి

అయస్కాంతపు మొన ఉన్న సన్నని ప్లస్ స్క్రూడ్రైవర్లు ముఖ్యం. పీహెచ్‌0, పీహెచ్‌00 కొలతలతో చాలా పని జరిగిపోతుంది, కొన్ని పెద్ద స్క్రూలకు పీహెచ్‌1 అవసరమవుతుంది. కొన్ని యంత్రాల్లో నక్షత్రం ఆకారపు టోర్క్స్ స్క్రూలు ఉంటాయి కాబట్టి, మొబైల్ మరమ్మతు సామగ్రి అమ్మే దుకాణాల్లో దొరికే మార్చుకునే మొనల సెట్ ఒకటి కొనడం నయం. మూత సందులో దూర్చడానికి ప్లాస్టిక్ పిక్ కావాలి. అది లేకపోతే పనికిరాని ఏటీఎం కార్డు అంచును గరుకు కాగితంతో కొద్దిగా పల్చన చేసి వాడవచ్చు. కత్తి, బ్లేడు, మైనస్ స్క్రూడ్రైవర్ మాత్రం వద్దు, అవి ప్లాస్టిక్‌ను చెక్కేస్తాయి, జారితే బోర్డును గీస్తాయి.

వీటితో పాటు మెత్తని పెయింటింగ్ బ్రష్షు, చేతితో నొక్కే గాలి బ్లోవర్, సన్నని పట్టకారు, విద్యుత్తును ప్రసరింపజేయని థర్మల్ పేస్ట్ చిన్న ట్యూబు, నూలు పోగులు వదలని శుభ్రమైన గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సిద్ధం చేసుకోండి. ఆల్కహాల్ 99 శాతానిది మంచిది. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో నీరు, గ్లిజరిన్ ఉంటాయి కాబట్టి అది ప్రత్యామ్నాయం కాదు. గోళ్ల రంగు తీసే ద్రవం, పెట్రోలు, థిన్నర్ ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి. మీ మోడల్‌కు ప్రత్యేకమైన ఫ్యాను, కీబోర్డు, హింజు (తెర కీలు) వంటివి తిరుపతిలో దొరకకపోతే చెన్నై రిచీ వీధిలో ప్రయత్నించవచ్చు. పాత భాగాన్ని వెంట తీసుకువెళ్లి, దానిమీద ముద్రించిన పార్ట్ నంబరు సరిచూసుకుని మాత్రమే కొనండి.

విప్పే క్రమం

1. ముందుగా యంత్రం అడుగున ఉన్న స్టిక్కర్‌లో పూర్తి మోడల్ నంబరు చూసుకోండి. డెల్, హెచ్‌పీ, లెనోవో సంస్థలు తమ మోడళ్లలో చాలావాటికి విప్పే విధానాన్ని బొమ్మలతో వివరించే సర్వీస్ మాన్యువల్‌ను తమ సైట్లలోనే ఉచితంగా ఉంచాయి. దాన్ని ఫోనులోకి దింపుకుని, ఒకసారి మొత్తం చదివిన తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టండి. వీడియోలు కూడా ఉపయోగపడతాయి గానీ, ఒకే పేరుతో వచ్చిన రెండు మోడళ్ల లోపలి నిర్మాణం వేరుగా ఉండవచ్చు కనుక నంబరు అక్షరం అక్షరం కలిసిందో లేదో చూడండి.

2. ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకో వేరే డిస్క్‌లోకో కాపీ చేయండి. విండోస్‌లో బిట్‌లాకర్ రక్షణ (డిస్క్‌లోని సమాచారానికి వేసే తాళం) ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. లోపలి చిన్న గడియారపు బ్యాటరీ తీసినప్పుడు యంత్రం ఆ కీ అడిగే అవకాశం ఉంది. వేడి సమస్య కోసమే విప్పుతున్నట్లయితే, ఇప్పటి ఉష్ణోగ్రతను కూడా నమోదు చేసుకోండి. విండోస్‌లో హెచ్‌డబ్ల్యు ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాం, లినక్స్‌లో సెన్సర్స్ ఆదేశం దాన్ని చూపిస్తాయి. పదిహేను నిమిషాలు వీడియో నడిపి, అంకె రాసుకోండి. ఈ అంకె లేకపోతే మీ పని ఫలించిందో లేదో తెలుసుకునే ఆధారమే ఉండదు. ఇలా నడపడంలో మరొక లాభమూ ఉంది: గట్టిపడిన పాత పేస్ట్ కొంత మెత్తబడి, హీట్ సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు భాగం) సులువుగా వస్తుంది.

3. షిఫ్ట్ మీటను నొక్కి ఉంచి షట్ డౌన్ ఇవ్వండి, అప్పుడే విండోస్ పూర్తిగా మూసుకుంటుంది. స్లీప్‌లో ఉన్న యంత్రాన్ని విప్పకూడదు. చార్జర్, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, మౌస్ అన్నీ తీసేయండి. బ్యాటరీ బయటి నుంచి వచ్చే రకమైతే తీసి, పవర్ బటన్‌ను ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల కూడా బ్యాటరీ ఉన్న లెనోవో థింక్‌ప్యాడ్ యంత్రాల బయోస్‌లో (విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల తెరలో), పవర్ విభాగంలో, లోపలి బ్యాటరీని నిలిపివేసే ఏర్పాటు ఉంటుంది. విప్పే ముందు దాన్ని వాడుకోండి. మళ్లీ చార్జర్ తగిలించగానే బ్యాటరీ తిరిగి పనిచేస్తుంది.

4. మంచి వెలుతురున్న చోట, చెక్క బల్ల మీద లేత రంగు నూలు తువ్వాలు పరచి కూర్చోండి. స్క్రూ జారి పడినా దొర్లిపోదు, రంగు తేడా వల్ల వెంటనే కనిపిస్తుంది. సిల్కు, పాలిస్టర్ దుప్పట్లు స్థిర విద్యుత్తును పుట్టిస్తాయి కాబట్టి వద్దు. లోపలి భాగాలను తాకే ముందూ, మధ్యమధ్యలోనూ, రంగు వేయని కిటికీ ఊచనో స్టీలు బీరువా పిడినో తాకండి. మన ఎండాకాలంలో ఈ పని మధ్యాహ్నం పెట్టుకోకండి, నుదుటి చెమట చుక్క బోర్డు మీద పడితే దాన్ని ఆరబెట్టడం మరో పని అవుతుంది. తెల్లవారి చల్లని వేళ ఉత్తమం.

5. పాత అట్టముక్క మీద యంత్రం అడుగు భాగాన్ని గీసుకుని, తీసిన ప్రతి స్క్రూను బొమ్మలో అదే స్థానంలో గుచ్చండి. లోపలి పొరలకు వేర్వేరు అట్టలు వాడి, వాటికి క్రమసంఖ్య వేయండి. అన్నిటినీ ఒకే గిన్నెలో వేయడమే అతి సాధారణమైన పొరపాటు. చూడటానికి ఒకేలా ఉన్న స్క్రూల పొడవులో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటుంది, ఆ తేడాయే మూతకు బొడిపె తెప్పిస్తుంది లేదా బోర్డులోని తీగను తెంపుతుంది. అట్టతో పాటు ప్రతి దశలో ఫోనుతో ఒక ఫొటో తీయడం అలవాటు చేసుకోండి.

6. స్క్రూలు తీయండి. మొన స్క్రూ తలలో కదలకుండా కూర్చోవాలి. వదులుగా ఉంటే ఒక కొలత పెద్ద మొనకు మారండి. పైనుంచి గట్టిగా నొక్కుతూ నెమ్మదిగా తిప్పండి. తల అరిగి మొన జారుతుంటే, వెడల్పైన రబ్బరు బ్యాండ్ ముక్కను మధ్యలో ఉంచి నొక్కి తిప్పితే చాలాసార్లు పట్టు దొరుకుతుంది. కొన్ని స్క్రూలు ఎంత తిప్పినా బయటికి రావు. అవి మూతకే అంటిపెట్టుకుని ఉండేలా చేసినవి, పైకి లేచి వదులైతే చాలు.

కనిపించే స్క్రూలన్నీ తీశాక, కనిపించనివి వెతకాలి. రబ్బరు పాదాల కింద, స్టిక్కర్ల కింద, బ్యాటరీ గూటిలో, ర్యామ్ మూత లోపల, డీవీడీ డ్రైవు అంచున ఇవి దాగి ఉంటాయి. డీవీడీ డ్రైవు సాధారణంగా ఒక్క స్క్రూతో నిలిచి ఉంటుంది, అది తీస్తే పక్కకు జారి వస్తుంది. ఖాళీ అయిన ఆ గూటి పెదవి మీద చాలా చిన్న స్క్రూలు రెండు మూడు కనిపిస్తాయి. మొదటిసారి విప్పేవారు ఎక్కువగా మరచిపోయేవి ఇవే. స్టిక్కర్ మీద వేలితో రుద్దినప్పుడు గుండ్రని పల్లం తగిలితే దాని కింద స్క్రూ ఉన్నట్టే.

7. ఇక మూత. ఇక్కడ రెండు రకాలున్నాయి. కొన్నిటికి అడుగు మూత ఒక్కటే పూర్తిగా ఊడి వస్తుంది. మరికొన్నిటిని, ఉదాహరణకు డెల్ ఇన్‌స్పిరాన్ 3521 వంటివాటిని, పూర్తిగా విప్పాలంటే కీబోర్డును పైనుంచి క్లిప్పులు తప్పించి తీయాలి, దాని కింది స్క్రూలు కూడా తీసిన తర్వాతే అరచేతులు ఆనే పై పలక వస్తుంది. మీది ఏ రకమో మాన్యువల్ చెబుతుంది. చూడకుండా అడుగు మూతను లాగితే పైనున్న కీబోర్డు కేబుల్ తెగుతుంది.

పిక్‌ను మూత సందులో రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే దూర్చి, అంచు వెంట జరుపుతూ పోండి. ప్రతి క్లిప్పు వదిలినప్పుడు టక్కుమని చిన్న శబ్దం వస్తుంది. ఆ శబ్దానికి భయపడకండి, కానీ పర్రుమని సాగుతున్న శబ్దం వస్తే ఆగండి. వదిలిన చోట మరో కార్డు ముక్కను ఉంచితే క్లిప్పు తిరిగి పట్టుకోదు. మూడు వైపులా సులువుగా వచ్చి ఒక మూల మాత్రం రాకపోతే, ఆ మూలలోనే స్క్రూ మిగిలి ఉంది. చాలా ఏళ్లు ఎండ వేడికి గురైన ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది కనుక, ఒకటి రెండు క్లిప్పులు విరిగినా కంగారు పడవద్దు. స్క్రూలే మూతను నిలబెడతాయి. విరిగిన ముక్క లోపల మిగలకుండా మాత్రం ఏరి పారేయండి.

8. మూత ఊడిన వెంటనే మొట్టమొదట చేయవలసిన పని లోపలి బ్యాటరీ కనెక్టర్‌ను తీయడం. ఇది చేయకుండా మరే భాగాన్నీ తాకకండి. ప్లగ్ అంచులను రెండు గోళ్లతో కొద్దికొద్దిగా కదుపుతూ బయటికి తీయాలి, తీగలు పట్టుకుని లాగకూడదు.

9. రిబ్బన్ కేబుళ్ల విషయంలో అన్నిటికంటే ఎక్కువ ఓపిక చూపండి. కీబోర్డు, టచ్‌ప్యాడ్, పవర్ బటన్ కేబుళ్లు కాగితంలా పల్చగా ఉంటాయి, వాటి కనెక్టర్లు మూడు విధాలు. మొదటి రకంలో నలుపో తెలుపో గోధుమ రంగో ఉన్న సన్నని రెప్పను గోటితో పైకి లేపితే కేబుల్ వదులవుతుంది. రెండో రకంలో ఆ రెప్పను రెండు చివర్లా పట్టుకుని, కేబుల్ వైపుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు జరపాలి. మూడో రకానికి తాళమే ఉండదు, కేబుల్ చివరి గట్టి పట్టీని పట్టుకుని నేరుగా లాగాలి. తాళం ఉందో లేదో టార్చి వేసి చూశాకే లాగండి. రెప్ప విరిగితే టంకం పని తెలిసినవారు తప్ప దాన్ని బాగుచేయలేరు. వై-ఫై కార్డు నుంచి వచ్చే నలుపు, తెలుపు యాంటెన్నా తీగలు ఏది ఎక్కడ ఉందో ఫొటో తీసుకుని, నిట్టనిలువుగా పైకి తీయండి.

10. తెర కీళ్లను, అంటే హింజులను గమనించండి. పాత యంత్రాల్లో ఇవి బిగుసుకుపోయి, ప్లాస్టిక్‌లో పొదిగిన ఇత్తడి గొట్టాలను పెకిలిస్తాయి. తెర మూసేటప్పుడు ఒక మూల విచ్చుకుంటోందంటే కారణం ఇదే. పై పలక తీసేటప్పుడు హింజు స్క్రూలను ముందుగా వదులు చేయకపోతే, ఆ బిగువుకు పలక పగులుతుంది. ఇత్తడి గొట్టం ఊడిపోయి ఉంటే, దాని గూటిని ఆల్కహాల్‌తో తుడిచి, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురుతో అతికించి, ఒక రోజంతా కదపకుండా ఉంచండి. జిగురు గొట్టం మరల్లోకి వెళ్లకూడదు. హింజు గింజను పావు చుట్టు వదులు చేసి బిగువు తగ్గించకపోతే అతికించినది మళ్లీ ఊడుతుంది.

శుభ్రం చేయడం, భాగాలు మార్చడం

11. ఫ్యానుకూ రాగి గొట్టం చివర ఉండే రెక్కల వరుసకూ మధ్య దుమ్ము దుప్పటిలా అల్లుకుని ఉంటుంది. బయటి నుంచి గాలి ఊదితే అది పోదు, ఫ్యానును విప్పి పట్టకారుతో పొరగా లాగాలి. బ్లోవర్ వాడేటప్పుడు ఫ్యాను రెక్క కదలకుండా కొబ్బరి ఈనె అడ్డం పెట్టండి. పంక్చరు దుకాణంలోని కంప్రెసర్ గాలి కొట్టించవద్దు. అందులో నీటి తుంపర, నూనె ఉంటాయి, ఆ ఒత్తిడికి ఫ్యాను బేరింగు పోతుంది.

హీట్ సింక్ స్క్రూల పక్కన అంకెలు ఉంటే, మాన్యువల్ చెప్పిన వరుసలో ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా వదులు చేయండి. అది అంటుకుని ఉంటే నేరుగా పైకి లాగకుండా స్వల్పంగా అటూ ఇటూ తిప్పండి. పాత పేస్ట్‌ను ఆల్కహాల్ గుడ్డతో అద్దంలా మెరిసేదాకా తుడిచి, చిప్ మధ్యలో బియ్యపు గింజంత కొత్త పేస్ట్ పెట్టండి. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లబడదు, పక్కలకు కారుతుంది. పక్క చిప్‌ల మీద ఉండే మెత్తని రబ్బరు పట్టీలను మాత్రం పేస్ట్‌తో భర్తీ చేయకూడదు. అవి చిరిగితే అదే మందం ఉన్నవి కొనాలి. బిగించేటప్పుడు ఎదురెదురు మూలలను మార్చి మార్చి బిగించండి.

12. ర్యామ్ కొనేముందు రకం చూడండి. డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260 పిన్నులు, ఒకదాని గాడిలో మరొకటి పట్టదు. డీడీఆర్3లోనే 1.5 వోల్టులది, 1.35 వోల్టుల ‘ఎల్’ రకం ఉన్నాయి. నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్లు ఉన్న ల్యాప్‌టాప్‌లకు సాధారణంగా ‘ఎల్’ రకమే కావాలి. ఏటవాలుగా పూర్తిగా దూర్చి, తర్వాత కిందికి నొక్కితే రెండు పక్కల కొక్కేలు పట్టుకుంటాయి. ఎస్‌ఎస్‌డీ మందం 7 మిల్లీమీటర్లు, పాత హార్డ్ డిస్క్‌లలో చాలావాటిది 9.5 మిల్లీమీటర్లు కాబట్టి వదులుగా అనిపిస్తే చుట్టూ అమర్చే ప్లాస్టిక్ చట్రం వాడండి.

బిగించడం, సరిచూడటం

13. మూత పూర్తిగా బిగించకముందే ఒకసారి పరీక్షించండి. కేబుళ్లన్నీ తిరిగి పెట్టి, రిబ్బన్ మీది గీత కనెక్టర్‌కు సమాంతరంగా ఉందో లేదో చూసి, చివరగా బ్యాటరీ తగిలించి, యంత్రాన్ని ఆన్ చేయండి. ఫ్యాను తిరగాలి, తెర వెలగాలి. కీబోర్డులోని ప్రతి మీట, టచ్‌ప్యాడ్, స్పీకర్లు, వై-ఫై పనిచేయాలి. ఆ తర్వాత పూర్తిగా ఆపి, మూడో మెట్టు ప్రకారం విద్యుత్తు తొలగించి, బ్యాటరీ ప్లగ్ మళ్లీ తీసి, మిగిలిన లోపలి స్క్రూలు బిగించండి. మూత పెట్టే ముందు బ్యాటరీ తగిలించండి.

14. మూత క్లిప్పులను వేళ్లతో చుట్టూ నొక్కి కూర్చోబెట్టాకే స్క్రూలు పెట్టండి. ప్రతి స్క్రూను మొదట ఎడమకు తిప్పండి, మర కలిసిన చోట చిన్నగా దిగినట్టు తెలుస్తుంది, అక్కడి నుంచి కుడికి బిగించండి. ఇలా చేస్తే ప్లాస్టిక్‌లో పాత మరలు చెడవు. ఆగిన చోట ఆపేయండి. ఒక్క స్క్రూ తక్కువైనా, అది ఎక్కడుందో తేలేవరకు యంత్రాన్ని ఆన్ చేయవద్దు. అది లోపల దొర్లుతూ షార్ట్ చేయగలదు. యంత్రాన్ని మెల్లగా ఊపి గలగల శబ్దం ఉందేమో వినండి.

ఇప్పుడు రెండో మెట్టులో చేసిన పరీక్షనే అదే గదిలో, అదే వేళకు మళ్లీ చేయండి. పాత అంకె కంటే పది డిగ్రీలైనా తగ్గితే పని బాగా కుదిరినట్టు. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 100 లేదా 105 డిగ్రీల హద్దు దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఆన్ చేసిన నిమిషంలోనే 95 దాటుతుంటే హీట్ సింక్ సమంగా కూర్చోలేదని అర్థం. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటే రోజున చేసిన కొలతను డిసెంబరు కొలతతో పోల్చకండి.

ఆన్ అయినా తెర నల్లగా ఉంటే ముందు ర్యామ్‌ను తీసి, దాని బంగారు రంగు అంచును మెత్తని రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టండి. కొత్త ర్యామ్ పెట్టాక మొదటిసారి తెర వెలగడానికి ఒక నిమిషం పట్టవచ్చు. కొన్ని మీటలే పనిచేయకపోతే కీబోర్డు కేబుల్ వంకరగా కూర్చుంది. తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే లోపలి 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. చార్జింగులో ఉన్నప్పుడు లోహపు భాగం తాకితే సన్నగా జలదరించినట్టు ఉంటే ఇంటి సాకెట్‌లో ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి, మీరు బిగించిన తీరు తప్పని అనుకోకండి.

ఇవన్నీ చూసినా యంత్రం అసలు ఆన్ కాకపోతే, లేదా కాలిన వాసన వస్తే, బ్యాటరీ, చార్జర్ వెంటనే తీసి మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లండి. మీ డిస్క్‌ను ఇంట్లోనే ఉంచుకుని, తీసిన ఫొటోలు, స్క్రూలు గుచ్చిన అట్టలు ఆయనకు చూపించి, ఏయే భాగాలు కదిపారో వరుసగా చెప్పండి. లోపం ఎక్కడ వెతకాలో ఆయనకు వెంటనే తెలుస్తుంది.